గేర్‌బాక్స్ చరిత్ర మెకానిక్ చేతిలో ఉండాలి

సైనిక హెలికాప్టర్ల గేర్‌బాక్సులు నా పని. డిజిటల్ మెయింటెనెన్స్ అనగానే అందరూ నన్ను సెన్సర్ల గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు లాగ్‌బుక్ గురించి మాట్లాడతాను.

సెన్సర్లు తక్కువవని కాదు. 1986 నవంబరులో షెట్లాండ్ దీవుల దగ్గర ఒక పౌర చినూక్ హెలికాప్టర్ సముద్రంలో కూలి 45 మంది చనిపోయారు. ముందు గేర్‌బాక్సులో గేర్ విరిగింది. హెలికాప్టర్లలో హమ్స్, అంటే సెన్సర్లతో యంత్రభాగాల ఆరోగ్యాన్ని కనిపెట్టే వ్యవస్థ, వాడకం ఊపందుకున్నది ఆ తర్వాతే. గేర్‌బాక్స్ పై తొడుగు మీద బిగించిన యాక్సిలరోమీటర్ లోపలి కంపనాన్ని పట్టుకుంటుంది. సెకనుకు 100 చుట్లు తిరిగే 30 పళ్ల గేర్ ఉందనుకోండి, కంపనాల గ్రాఫులో 3000 హెర్ట్జ్ దగ్గర ఒక గీత లేస్తుంది. ఒక పన్ను మొదలు దగ్గర బీట వస్తే ఆ గీతకు అటూ ఇటూ వందేసి హెర్ట్జ్ దూరంలో చిన్న గీతలు మొలుస్తాయి. అవి వారం వారం ఎదుగుతుంటే కూర్చుని చూడకూడదు, విప్పాలి.

కానీ మధ్య గేరు చుట్టూ తిరిగే ప్లానెట్ గేర్ల దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. అవి తిరుగుతూనే చోటు మారుతుంటాయి, సెన్సరేమో ఉన్నచోటే ఉంటుంది. 2009 ఏప్రిల్ 1న ఉత్తర సముద్రంలో సూపర్ ప్యూమా హెలికాప్టర్ కూలి 16 మంది పోయినప్పుడు విరిగింది అలాంటి గేరే. కంపనాల గ్రాఫులో ముందస్తు సూచనేమీ లేదు. సూచన ఇంకోచోట దొరికింది: మార్చి 25న చిప్ డిటెక్టర్ (గేర్‌బాక్స్ నూనెలో తేలే లోహపు ముక్కల్ని పట్టే పరికరం) అయస్కాంతానికి ఒక లోహపు రేకు అంటుకుంది. దాని గురించి ఫోన్లలో, ఈమెయిళ్లలో మాట్లాడుకోవడంలో ఒకరి మాట ఇంకొకరికి సరిగా అందలేదు. విప్పి చూడాల్సిన భాగం విప్పలేదు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

డిజిటల్ పని మొదలవ్వాల్సింది ఇక్కడే. రేకు ఫొటో, దాని కొలత, ఏ మిశ్రమలోహమో ల్యాబ్ చెప్పిన మాట, ఎవరు ఏం తేల్చారో, అన్నీ ఆ గేర్‌బాక్స్ సీరియల్ నంబరు కింద ఒకే పేజీలో ఉండాలి. గ్రాఫు కూడా ఆ పక్కనే.

రికార్డే దెబ్బతింటే? ఎఫ్-35 యుద్ధవిమానాల మరమ్మతులు, విడిభాగాల లెక్క చూసే ఆలిస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో అదే జరిగింది. విడిభాగాల ఎలక్ట్రానిక్ రికార్డులు తప్పుగా ఉండటం, అసలు లేకపోవడం వల్ల, ఎగరగలిగే విమానాన్ని కూడా ఆపేయమని వ్యవస్థ చూపిస్తోందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2020లో రాసింది. ఆలిస్ స్థానంలో ఓడిన్ అనే కొత్త వ్యవస్థ తెస్తామని ఆ ఏడాదే ప్రకటించారు. తప్పని కళ్లెదుట కనిపిస్తున్నా, దిద్దే అధికారం హ్యాంగర్లో ఉన్నవాడికి లేకపోతే ఆ రికార్డు ఎవరికోసం? మరమ్మతు డేటా మీద హక్కు కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

కొత్త సాఫ్ట్‌వేర్ చూపించడానికి వచ్చినవాళ్లను నేను ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, ఒక గేర్‌బాక్స్ పూర్తి చరిత్ర తెరవమంటాను. యుద్ధరంగంలో సిగ్నల్ ఉంటుందన్న హామీ లేదు. ఆ తర్వాత అందులో కావాలనే ఒక తప్పు ఎంట్రీ పెట్టి, పాతది చెరిగిపోకుండా, ఎవరు దిద్దారో కనిపించేలా మెకానిక్ లాగిన్‌తోనే సరిచేయమంటాను. డ్యాష్‌బోర్డు రంగులు ఆ తర్వాత చూద్దాం.