న నొక్కితే నిఘంటువు రావాలి: స్వేలో లేఅవుట్‌కో షార్ట్‌కట్, మూడో వారం

దొరికింది! రెండు వారాలుగా ఏడిపిస్తున్న తప్పు ఈ ఆదివారం మధ్యాహ్నం దొరికింది. అన్నానికి పిలుస్తున్నా లేవకుండా రాస్తున్నాను. అంకెలన్నీ చేతిలో ఉన్నప్పుడే రాసుకోవాలి.

నాకు కావలసింది చిన్న విషయమే. స్వే అంటే లినక్స్‌లో నా విండోలను సర్దే ప్రోగ్రాం. ఇంగ్లీషు లేఅవుట్‌లో (ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరిక) ఉన్నప్పుడు సూపర్ (విండోస్ గుర్తున్న కీ) + వి నొక్కితే స్వే మామూలుగా చేసే పని చేయాలి, అంటే తర్వాత తెరిచే విండో కిందికి రావాలి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల ప్రామాణిక లేఅవుట్) ఉన్నప్పుడు అదే కీ మీద ఉండేది న. అప్పుడు నిఘంటువు తెరుచుకోవాలి, నాకైతే ఆంధ్రభారతి పేజీ. అలాగే బి కీ మీద వ ఉంటుంది కాబట్టి దానికి తెలుగు వికీపీడియా. తెలుగులో రాస్తున్నప్పుడు నా చేతికి ఏ అక్షరం తగులుతుందో ఆ అక్షరంతో మొదలయ్యే పని జరగాలని ఆశ.

మిగతా షార్ట్‌కట్లన్నీ రెండు లేఅవుట్లలోనూ ఒకేలా పనిచేయాలి. ఆ భాగం పోయిన వారమే అయిపోయింది: స్వే కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలు) షార్ట్‌కట్లు రాసే బైండ్‌సిమ్ లైన్లన్నిటికీ టు-కోడ్ అనే ఫ్లాగ్ తగిలించాను, అంతే. ఎక్స్‌కేబీ (లినక్స్‌లో లేఅవుట్లను చూసుకునే భాగం) తెలుగు లేఅవుట్‌లో పై వరుస నొక్కితే ౧, ౨, ౩ వస్తాయి కాబట్టి అంతకుముందు తెలుగులో ఉండగా సూపర్ + అంకెతో వర్క్‌స్పేస్ (విండోల తెర) మారేది కాదు. ఇప్పుడు మారుతోంది.

న కోసం రాసిన లైన్‌లో మాత్రం టు-కోడ్ పెట్టలేదు. ఆ ఫ్లాగ్ పెడితే స్వే ఆ గుర్తును మొదటి లేఅవుట్‌లో వెతికి కీకోడ్‌గా (ఆ కీ సంఖ్యగా) మారుస్తుంది. నా మొదటి లేఅవుట్ ఇంగ్లీషు, అందులో న ఎక్కడుంటుంది? అందుకని గ్రూప్2 (రెండో లేఅవుట్) అని ముందు పెట్టి, మోడ్4 (సూపర్ కీ) కలిపి, న యూనికోడ్ సంఖ్య యూ0సి28 రాశాను. ల్యాప్‌టాప్ కీబోర్డు మీద మొదటిసారికే పనిచేసింది.

ఇక అసలు కథ బయటి కీబోర్డుది. నాది టీవీఎస్ గోల్డ్. ఆ చప్పుడు, ఆ బరువు నాకు ఇష్టం. రోజంతా రాసేవాళ్ళకు దానికంటే మంచిది ఆ ధరలో లేదని నా అభిప్రాయం. దాని మీద సూపర్ + న నొక్కితే ఒక్కోసారి నిఘంటువు వచ్చేది, ఒక్కోసారి ఏమీ జరిగేది కాదు. నిజానికి ఏమీ జరగకపోవడం కాదు: విండో చీల్చే ఆజ్ఞ, అంటే సూపర్ + వి పని, వెళ్ళేది. దాని ఫలితం వెంటనే కనబడదు. కాసేపటికి టెర్మినల్ తెరిస్తే అది పక్కకు రాకుండా కిందికి వచ్చేది. ఈ రెండింటికీ సంబంధం ఉందని తట్టడానికే నాలుగు రోజులు పట్టింది.

శనివారం కూర్చుని లెక్క పెట్టాను. ల్యాప్‌టాప్ మీద 50 సార్లు నొక్కితే 50 సార్లూ నిఘంటువు. గోల్డ్ మీద 50కి 30. మొదట కీ కింద దుమ్ము అనుకున్నాను. క్యాప్ తీసి తుడిచాను, తేడా లేదు. తర్వాత ఎడమ సూపర్, కుడి సూపర్ విడివిడిగా చూశాను, రెండూ ఒకటే. లేఅవుట్ మార్చిన వెంటనే నొక్కడం వల్లేమోనని అర సెకను, ఒక సెకను, రెండు సెకన్లు ఆగి చూశాను. అదీ కాదు. కాన్ఫిగ్‌లో గ్రూప్2 లైన్‌ను మామూలు లైన్‌కు పైన పెట్టి ఒకసారి, కింద పెట్టి ఒకసారి చూశాను. స్వే గ్రూప్ ఉన్న లైన్‌కే ముందు విలువ ఇస్తుంది, కాబట్టి అక్కడా తేడా రాలేదు.

అప్పుడు నా కాగితం మళ్ళీ చూసుకున్నాను. ఆ 50 నొక్కుళ్ళు ఐదు విడతల్లో చేశాను, విడతకు పది. మూడు విడతల్లో పదికి పది, రెండింటిలో పదికి సున్నా. ఆరూ లేదు, ఏడూ లేదు. కాంటాక్ట్ చెడితే ఇలా ఉండదు. మరి విడతల మధ్య ఏం మారింది? నాన్న ఆన్‌లైన్ ఫారాలు నింపడానికి ఆ కీబోర్డు అడుగుతుంటారు. కేబుల్ పీకి ఇస్తాను, ఆయన పని అయ్యాక తెచ్చి మళ్ళీ పెడతాను.

ఏ కీ నుంచి ఏ గుర్తు వస్తోందో చూపే వెవ్ అనే ప్రోగ్రాం తెరిచి రెండు కీబోర్డులూ పక్కపక్కనే పెట్టుకుని అదే కీ నొక్కాను. లేఅవుట్ చూపే తెర మీది బార్‌లో తె (తెలుగు) అని ఉంది. ల్యాప్‌టాప్ నుంచి న వస్తోంది, గోల్డ్ నుంచి ఇంగ్లీషు వి వస్తోంది. ఒళ్ళు ఝల్లుమంది! టైప్ చేసేటప్పుడు కూడా అప్పుడప్పుడు ఇంగ్లీషు అక్షరాలు పడేవి, లేఅవుట్ సరిగా మారలేదేమోనని మళ్ళీ మార్చేవాణ్ణి. సాక్ష్యం రెండు వారాలుగా కళ్ళ ముందే ఉంది.

తగిలించి ఉన్న పరికరాలను చూపే స్వే ఆజ్ఞ గెట్-ఇన్‌పుట్స్‌తో జాబితా తీశాను. స్వే దృష్టిలో నా దగ్గర కీబోర్డులు ఏడు: పవర్ బటన్, వీడియో బస్ కూడా కీబోర్డులే. ప్రతిదానికీ తన లేఅవుట్ సూచిక విడిగా ఉంటుంది. 0 అంటే ఇంగ్లీషు, 1 అంటే తెలుగు. ల్యాప్‌టాప్‌ది 1, గోల్డ్‌ది 0. నా బార్ స్క్రిప్టు ల్యాప్‌టాప్‌ది మాత్రమే చదువుతోంది.

విడిపోవడానికి కారణం ఇది. నేను లేఅవుట్ మార్చడానికి సూపర్ + స్పేస్‌కు "తర్వాతిది" అనే ఆజ్ఞ పెట్టుకున్నాను, అన్ని కీబోర్డులకూ వర్తించేలా. తెలుగులో ఉండగా గోల్డ్‌ను తగిలిస్తే అది 0తో మొదలవుతుంది, ల్యాప్‌టాప్ 1లో ఉంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు మార్చినా ఒకటి ఇటు వస్తే ఇంకొకటి అటు పోతుంది. కేబుల్ పెట్టే క్షణానికి నేను ఏ భాషలో ఉన్నానన్నదే ఆ విడత ఫలితాన్ని తేల్చేసింది.

కానీ స్వే ఒకేలాంటి కీబోర్డులను ఒక జట్టుగా కలిపి లేఅవుట్‌ను సమానంగా ఉంచుతుంది కదా? ఉంచుతుంది, కీమ్యాప్ (ఏ కీ ఏం చేస్తుందనే పట్టిక) ఒకటే అయితే. నేను ల్యాప్‌టాప్‌కు మాత్రం క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకున్నాను, అక్కడే కీమ్యాప్ వేరైపోయింది. ఆ ఆప్షన్‌ను రెండింటికీ పెట్టాను. అయినా కలవలేదు! ఇక్కడ ఇంకో గంట పోయింది. కీమ్యాప్‌తో పాటు రిపీట్ (కీ నొక్కి పట్టుకుంటే అక్షరం మళ్ళీ మళ్ళీ పడటం) ఆలస్యం, వేగం కూడా సరిపోవాలట. ల్యాప్‌టాప్‌కు 300 మిల్లీసెకన్లు, సెకనుకు 40 అని రాసుకున్నాను. గోల్డ్ స్వే సొంత విలువలతోనే ఉంది, 600, 25. అవి కూడా సమానం చేశాక రెండూ కలిసి నడిచాయి. 20కి 20.

అయితే అలా ఉంచలేదు. నాన్నకు ఫారాలు పెద్ద అక్షరాల్లో నింపాలి. నా కంప్యూటర్ ముందు ఆయన కూర్చున్నప్పుడూ వాడేది గోల్డే. క్యాప్స్ లాక్ నొక్కితే ఎస్కేప్ పడితే ఎలా? నా సౌకర్యం కోసం ఆయన చేతి అలవాటు మార్చడం నాకు నచ్చలేదు. ఆప్షన్ వెనక్కి తీసేసి, "తర్వాతిది" అన్న ఆజ్ఞనే తీసేశాను. ఇప్పుడు సూపర్ + ఎఫ్1 అన్ని కీబోర్డులనూ 0కి పంపుతుంది, సూపర్ + ఎఫ్2 అన్నిటినీ 1కి. ఎవరు ఎక్కడ ఉన్నా ఒక్క నొక్కుతో ఒకచోటికి వస్తారు. తెలుగులో ఉండగా కేబుల్ పీకి, పెట్టి, ఎఫ్2 నొక్కి చూశాను: 20కి 20. ఇంగ్లీషులో ఉండగా పీకి పెట్టినా 20కి 20. రెండు లేఅవుట్లు వాడే ఎవరికైనా నేను ఇదే చెబుతాను: అటూ ఇటూ మార్చే ఒకే బటన్ కంటే భాషకో బటన్ మేలు. ఇప్పుడు ఏ భాషలో ఉన్నానో బార్ చూసుకునే పనే లేదు.

స్వే లాంటిదే అయిన ఐ3లో ఉన్నప్పుడు ఈ గొడవ తెలియలేదు, అది బైండింగులను (షార్ట్‌కట్లను) మొదటి గ్రూప్‌తోనే చదివి అన్ని గ్రూపుల్లో నడుపుతుంది. అలాంటిదే ఇంకొకటి, హైపర్‌ల్యాండ్ కూడా మామూలుగా మొదటి లేఅవుట్ ప్రకారమే పోతుంది, గుర్తు ప్రకారం పోవాలంటే ఒక సెట్టింగ్ మార్చాలి. నాకు మాత్రం స్వే పద్ధతే ఇష్టం: ఏ లైన్ ఏ లేఅవుట్‌కో లైన్ దగ్గరే కనబడుతుంది.

వచ్చే వారం రెండు పనులు. ఒకటి, విండో మారినప్పుడల్లా కబురు అందుకుని, టెర్మినల్‌లోకి వెళ్తే అన్నిటినీ 0కి పంపే చిన్న పైథాన్ స్క్రిప్టు. రెండోది మూడో గ్రూప్‌గా కన్నడ. ఇన్‌స్క్రిప్ట్‌లో క ఏ లిపిలోనైనా కె కీ మీదే ఉంటుంది, న వి మీదే. అంటే గుర్తు బదులు కీకోడ్ 55 రాసి గ్రూప్3 పెడితే అదే వేలికి కన్నడ నిఘంటువు రావాలి. గ్రూపులు నాలుగు దాకా పడతాయి, నాలుగోది హిందీకి ఉంచుతున్నాను. ముందు బార్ స్క్రిప్టు సరిచేయాలి, ఏడు కీబోర్డుల్లో ఏ ఒక్కటి వేరుగా ఉన్నా ఎర్రగా చూపించేలా.