రమ్ సోర్‌కి నిమ్మకాయల లెక్క పనికిరాదు

రమ్ము, నిమ్మరసం, చక్కెర పాకం, నురగ కోసం కాస్త గుడ్డు తెల్లసొన. రమ్ సోర్ అనే పుల్లటి కాక్‌టెయిల్‌లో ఉండేవి ఇవే. సరుకులు ఇంత తక్కువ కాబట్టి ఏదైనా 5 మి.లీ. అటూఇటూ అయితే నాలుక వెంటనే పట్టేస్తుంది. అందుకే "ఒక నిమ్మకాయ పిండండి" అనే కొలతను నమ్మకండి. ఒక కాయ 10 మి.లీ. రసమిస్తే, అదే బుట్టలో పక్క కాయ 20 ఇస్తుంది. కొలిచే జిగ్గర్ లేకపోతే దగ్గుమందు సీసాతో వచ్చే గీతల కప్పు చాలు.

ఒక గ్లాసుకి: రమ్ 60 మి.లీ., నిమ్మరసం 25, పాకం 20, తెల్లసొన 15 నుంచి 20. ఇది ఓల్డ్ మంక్ లాంటి నల్ల రమ్ముకి సరిపోయే లెక్క. దానిలో వెనిలా, మాడిన చక్కెర వాసనలు ముందే ఉంటాయి కాబట్టి తీపి తక్కువ పడుతుంది. తెల్ల రమ్ముతో చేస్తే పాకం 25కి పెంచండి.

పాకం అన్నాం కదా అని తీగపాకం పట్టకండి. 100 గ్రాముల చక్కెరని 100 మి.లీ. వేడి నీళ్ళలో కరిగేదాకా కలిపితే అయిపోయింది. మరిగితే నీళ్ళు ఇగిరి చిక్కబడుతుంది, ఇక 20 మి.లీ. అన్న లెక్కే తప్పుతుంది. చక్కెర నేరుగా వేస్తే చల్లటి మద్యంలో సరిగ్గా కరగక అడుగున పలుకులుగా మిగులుతుంది. బెల్లంతో కూడా చేయొచ్చు, నిజానికి ఇదే ఎక్కువ రుచి: రమ్ము ఎక్కువగా పుట్టేదీ చెరకు మడ్డి నుంచే కదా. గుడ్డలో వడకట్టడం మాత్రం మరవద్దు.

నిమ్మరసం అప్పటికప్పుడు పిండిందే వాడాలి. చెక్కని మరీ నలిపితే చేదు దిగుతుంది.

ఇక గిలకొట్టడం. ముందు ఐసు లేకుండా అన్నీ షేకర్‌లో పోసి 15 సెకన్లు గట్టిగా ఊపాలి. తెల్లసొన గాలిని పట్టుకుని నురగయ్యేది ఇక్కడే. ఐసు లేనప్పుడు మూత సరిగ్గా బిగుసుకోదు, లోపలి గాలి దాన్ని పైకి నెడుతుంది, అందుకని చేత్తో అదిమి పట్టండి. బిగుతు మూతున్న స్టీలు సీసా అయినా పనికొస్తుంది. తర్వాత గట్టి ఐసు ముక్కలు ఆరేడు వేసి ఇంకో 12 సెకన్లు. ఐసు ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి. కరుగుతూ తడిసి ఉన్న ఐసు వేస్తే చల్లబడేలోపే నీళ్ళ రుచి వచ్చేస్తుంది. ముందే చల్లబరచిన గ్లాసులోకి టీ జల్లెడతో వడపోయండి.

నురగ రాలేదా? తెల్లసొనలో పచ్చసొన చుక్క పడి ఉంటుంది, లేదా షేకర్‌కి నూనె జిడ్డు ఉండి ఉంటుంది. కొవ్వు తగిలితే నురగ నిలవదు. నీచు వాసన వస్తుంటే అంగోస్తురా బిటర్స్ (సుగంధ ద్రవ్యాల చేదు ద్రావకం) రెండు మూడు చుక్కలు వేయండి, లేకపోతే కాస్త జాజికాయ పైన తురమండి. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా (కడుపుని పాడుచేసే బ్యాక్టీరియా) భయం ఉంది కనుక తాజా గుడ్డే వాడాలి. గర్భిణులకీ, రోగనిరోధక శక్తి తక్కువున్న వాళ్ళకీ పచ్చి గుడ్డు పెట్టకూడదు. గుడ్డు తినని స్నేహితులకి ఉప్పు వేయకుండా ఉడికించిన కాబూలీ శనగల నీళ్ళు 25 మి.లీ. వేస్తే దాదాపు అంతే నురగ వస్తుంది. ఆ నీళ్ళు వేలికి జిగురుగా తగలాలి. పల్చగా ఉంటే ఇంకాస్త మరిగించి, చల్లార్చాకే వాడండి.