సన్నగా ఉన్నవాళ్లకీ షుగర్ ఎందుకొస్తుంది?

"ఇంత సన్నగా ఉంటాడు, ఇతనికి షుగరేంటి?" మా అన్నయ్యను చూసి ఈ మాట అననివాళ్లు లేరు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 63 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 22.3. చార్టు ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. కానీ 44 ఏళ్లకి షుగర్ వచ్చింది, 49కి గుండెలో స్టెంట్ పడింది. అంతకుముందు ఒక డాక్టరు "మీ బరువుకి ఇప్పుడప్పుడే పరీక్షలు అక్కర్లేదు" అని పంపేశారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

బీఎంఐ 25 దాటితేనే అధిక బరువు అనే లెక్క ఎక్కువగా యూరప్ సంతతివాళ్లను చూసి వేసింది. ఆసియావాళ్ల విషయంలో 23 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. 2021లో ఇంగ్లండ్‌లో దాదాపు 15 లక్షల మంది వైద్య రికార్డులు పరిశీలించారు. తెల్లవాళ్లకి బీఎంఐ 30 దగ్గర ఎంత షుగర్ ముప్పు ఉందో, అంత ముప్పు నల్లజాతివాళ్లకి 28.1 దగ్గర, చైనావాళ్లకి 26.9 దగ్గర, అరబ్బులకి 26.6 దగ్గర కనిపించింది. మన దక్షిణాసియావాళ్లకి? 23.9 దగ్గరే.

కారణం ఒంట్లో కొవ్వు ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నదాంట్లో ఉంది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3, అచ్చం మా అన్నయ్యదే. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! ఈ తేడా పుట్టుకతోనే మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని కొలిచి చూపించింది. ఇంగ్లండ్‌లో పుట్టిన పిల్లలకన్నా వాళ్ల బరువు బాగా తక్కువ, కండ తక్కువ, కానీ చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పెద్దయ్యాక ఆ కొవ్వు పొట్ట లోపల, కాలేయంలో పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. కండ తక్కువైతే రక్తంలోని గ్లూకోజ్‌ని వాడుకునే చోటు కూడా తక్కువే. కాటా మీద నిలబడితే ఇవేవీ తెలియవు.

షుగర్ ఎక్కువగా ఉన్న ప్రతి జాతిలోనూ గుండెపోట్లు ఎక్కువే ఉంటాయని నేను అనుకునేదాన్ని. లండన్‌లో 1988 నుంచి ఏళ్ల తరబడి సాగిన సేబర్ అధ్యయనం గురించి చదివితే ఆశ్చర్యమేసింది. దక్షిణాసియా, ఆఫ్రికన్ కరీబియన్ సంతతివాళ్లు ఇద్దరిలోనూ షుగర్ యూరప్‌వాళ్లకన్నా చాలా ఎక్కువ. అయినా ఆఫ్రికన్ కరీబియన్లకి గుండె రక్తనాళాల జబ్బు యూరప్‌వాళ్లకన్నా తక్కువ, వాళ్ల సమస్య పక్షవాతం. మనకి మాత్రం గుండె జబ్బే ఎక్కువ.

పైగా మనకి త్వరగా వస్తుంది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53, మిగతావాళ్లకి దాదాపు 59. అయితే నాకు ధైర్యం ఇచ్చింది కూడా ఈ అధ్యయనమే. పొగతాగడం, కొలెస్టరాల్, బీపీ, షుగర్, పొట్ట, టెన్షన్, తిండి, వ్యాయామం... అందరికీ కారణాలు ఇవే, మనకి ఇవి చిన్న వయసులోనే మీద పడుతున్నాయి, అంతే. కాబట్టి "మన రక్తంలోనే ఉంది, ఏం చేస్తాం" అనే మాటని నేను ఒప్పుకోను. రక్తంలో ఉందని తెలిసినప్పుడు పరీక్షలు పదేళ్లు ముందే మొదలుపెట్టాలి కదా! అమెరికాలో 2018 కొలెస్టరాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా సంతతిని ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి. మీ డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి, ఇంట్లో ఎవరికి ఏ వయసులో వచ్చిందో కూడా చెప్పండి.

కాటాకన్నా ముందు టేపు తీయండి. మన మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. నా బరువు 54 కిలోలే, నడుము మాత్రం 84. ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్టరాల్ పరీక్ష) మూడూ వచ్చే వారం చేయించుకుంటున్నాను, మా అన్నయ్య పిల్లలిద్దర్నీ కూడా తీసుకెళ్తున్నాను.