బ్రేక్ ఆయిల్ మార్చాను

కొన్నాళ్లుగా బండి ముందు బ్రేక్ లివర్ స్పాంజి నొక్కినట్టు మెత్తగా లోపలికి పోతోంది. ఇవాళ హ్యాండిల్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తే ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది. గుండె ఝల్లుమంది. రెండేళ్లకోసారి మార్చాల్సినదాన్ని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరేకొద్దీ ఆ హద్దు 155 దాకా దిగిపోవచ్చు. పొడవాటి దిగుడులో డిస్క్ వేడెక్కి ఆయిల్ మరిగిందంటే, ఆవిరి బుడగలే నలుగుతాయి తప్ప బ్రేక్ పడదు.

డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కిపట్టే క్యాలిపర్ మీద, ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కి సన్నటి ట్యూబ్ తొడిగాను. లివర్ నొక్కిపట్టి, నిపుల్ కాస్త వదులు చేసి, మళ్లీ బిగించాకే లివర్ వదలాలి. వరస తప్పితే గాలి లోపలికి లాగేస్తుంది. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండాలి. ట్యాంకు మీద ఒక చుక్క పడింది. పెయింట్‌ని తినేస్తుందని వెంటనే నీళ్లతో కడిగేశాను.

ట్యూబ్‌లో నల్లటి ఆయిల్, మధ్యమధ్య చిన్న బుడగలు. చాలాసేపటికి లేత తేనె రంగు కనిపించింది. ఆ క్షణం ఎంత హాయిగా అనిపించిందో! నెమ్మదిగా నడిపి రెండుమూడుసార్లు పట్టి చూశాను. లివర్ వేళ్ల కింద గట్టిగా నిలబడింది.