డెబ్బై గేట్లు, ఏడు అచ్చులు

డిజైన్ కోర్సు ఫైనల్ ఇయర్‌లో మాకు ఇచ్చిన ప్రాజెక్టు వినడానికి చాలా చిన్నది. ఒక చిన్న పుస్తకం, పాతిక కాపీలు. అచ్చూ బైండింగూ రెండూ చేత్తోనే జరగాలి. డిజైన్ కంప్యూటర్ మీద చేసుకోవచ్చు గానీ, డిజిటల్ ప్రింటు తీసి తెస్తే తీసుకోరు. అప్పటిదాకా మౌస్ తప్ప వేరే పనిముట్టు పట్టని మా క్లాసంతా ఆ సాయంత్రమే యూట్యూబ్ ముందు కూర్చుంది. అందులో వాళ్లు వాడే సామానులో సగం బెజవాడలో దొరకదు. దొరికేది కూడా ఇక్కడ వేరే పేరుతో అడగాలి. అందుకే ఇక్కడి వస్తువులతో, ఇక్కడి మనుషుల సాయంతో పని ఎలా అయిందో రాస్తున్నాను.

నేను తీసుకున్న విషయం మా ఊరి కాలువలు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే పోతాయి. రోజూ వాటి మీది వంతెనలు దాటుతూ, ఏది ఏదో తెలియకుండానే పెరిగాం. మూడింటికీ నీళ్లు ప్రకాశం బ్యారేజీ దగ్గర నుంచే వస్తాయి. కృష్ణ మీద 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. కాబట్టి పుస్తకంలో మూడు కాలువలకు మూడు బొమ్మలు, వాటి పక్కన నాలుగు మాటలు, చివర్లో బ్యారేజీ మొత్తం పొడుగ్గా మడత విప్పి చూసుకునేలా ఉండాలనుకున్నాను. చిక్కంతా ఆ చివరి బొమ్మతోనే వచ్చింది.

బ్యారేజీకి 70 గేట్లు. అన్నీ లినో మీద, అంటే ఉలితో చెక్కి అచ్చు వేసే మెత్తటి షీటు మీద, చెక్కాలంటే సెమిస్టర్ చాలదు. కాగితం మీద గీతలు గీస్తూ కూర్చుంటే దారి దొరికింది. పది గేట్లున్న దిమ్మ ఒక్కటే చెక్కి, దాన్ని పక్కపక్కనే ఏడుసార్లు అచ్చు వేస్తే సరిపోతుంది. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కచ్చితంగా కలవడం కష్టం కాబట్టి, ప్రతి అతుకు దగ్గరా ఒక మడత పెట్టాను. ఏడు గడులు, ఆరు మడతలు. వెంట్రుకవాసి తేడా ఉన్నా మడతలో కలిసిపోతుంది. ఏడు గడులూ ఒకేలా ఉంటే చూసేవాళ్లకి విసుగు. అందుకని రోలర్‌తో సిరా ఎక్కించాక, ఎత్తి ఉన్నట్టు చూపించాల్సిన గేట్ల మీద సిరాని గుడ్డ ముక్కతో తుడిచేసేదాన్ని. అక్కడ కాగితం తెల్లగా మిగిలి నీళ్లు దూకుతున్నట్టు కనిపించేది. అలా ప్రతి కాపీలోనూ వేరే గేట్లు ఎత్తారు. ఇంజనీర్లు ఒప్పుకోరేమో, పుస్తకానికి మాత్రం బాగుంది.

లినో ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. సిరా కోసం మాత్రం ఖరీదైన డబ్బాలు కొనక్కర్లేదు. ఆఫ్‌సెట్ ప్రెస్సుల వాళ్లు వాడే నూనె ఇంకు చక్కగా పనికొస్తుంది, నెమ్మదిగా ఆరుతుంది అంతే. రోలర్ కడగడానికి మొదట వంటనూనె, ఆ తర్వాత కాస్త కిరోసిన్. ప్రెస్ లేదు కాబట్టి కాగితాన్ని దిమ్మ మీద పరిచి స్టీలు గరిటె వెనక వైపుతో రుద్దాను. పాతిక కాపీలకి ఏడేసి గడులంటే భుజం ఏమవుతుందో లెక్క వేసుకోండి.

కాలువల పేర్లు కూడా లినోలోనే చెక్కాను. తెలుగు అక్షరాలు చెక్కడం గురించి ఒకటి చెప్పాలి. మన అక్షరాల్లో నిలువు గీత దాదాపు లేదు, అన్నీ వంపులే. వంపు వచ్చినప్పుడు ఉలిని తిప్పితే జారి అక్షరం తెగుతుంది. ఉలి పట్టిన చెయ్యి కదలకుండా ఉంచి, ఎడమ చేత్తో దిమ్మని తిప్పాలి. అచ్చు సరిగ్గా పడాలంటే దిమ్మ మీద అక్షరం తిరగబడి ఉండాలి. ట్రేసింగ్ పేపర్ మీద రాసి, బోర్లించి దిమ్మ మీద రుద్దితే అద్దంలో కనిపించినట్టు తిరగబడిన అక్షరం వస్తుంది కాబట్టి ఆ లెక్క తప్పే భయం లేదు. ‘రైవస్’లో రకారం మీద ఐత్వం కన్నా ‘ఏలూరు’లో లూ నన్ను ఎక్కువ ఏడిపించింది. అక్షరంలోని సున్నా లాంటి వంపు లోపలి ఖాళీ మరీ సన్నగా చెక్కితే సిరా పూడుకుపోతుంది, పెద్దగా చెక్కితే అక్షరం నీరసంగా కనిపిస్తుంది.

లోపలి మాటలకి లినో కుదరదు, స్క్రీన్ ప్రింటింగే. ఇక్కడ నాకు పంచాంగం కలిసొచ్చింది. ఊళ్లో స్క్రీన్ ప్రింటింగ్ షాపులు చాలావరకు శుభలేఖల మీద బతుకుతాయి. పెళ్లిళ్ల సీజన్‌లో వెళ్తే తలెత్తి చూడరు. మూఢం రాగానే షాపులు ఖాళీ. గవర్నర్‌పేటలో ఒకాయన ఆ రోజుల్లో తన బల్లా, జాలి గుడ్డ బిగించిన ఫ్రేమూ వాడుకోమన్నారు, ఇంకు ఖర్చు మాత్రం నాది. మాటర్ నేను మండలి ఫాంటులో యూనికోడ్‌లో కంపోజ్ చేశాను. ఫిల్మ్, అంటే అక్షరాలు నల్లగా పడే పారదర్శక షీటు, తీసే డీటీపీ సెంటర్‌లో అందరూ యూనికోడ్ కాని అను ఫాంట్ల మీద, పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మీద ఉన్నారు. నా ఫైలు వాళ్ల దగ్గర తెరుచుకోలేదు గానీ పీడీఎఫ్ చేసి ఇస్తే సరిపోయింది. ఫాంటు చిన్నదైనా పర్వాలేదు, వరుసల మధ్య ఖాళీ తగ్గించకండి. 12 పాయింట్ల అక్షరానికి నేను 19 పాయింట్ల వరుస పెట్టాను. ‘కృష్ణ’ లాంటి మాట పై వరుసలో ఉంటే దాని కింద వేలాడేవన్నీ కింది వరుస గుడుల్ని గుద్దుకుంటాయి. కంప్యూటర్ తెర మీద చూస్తే ఆనుకున్నట్టే అనిపించేవి, ఇంకు పడ్డాక కాస్త ఉబ్బి కలిసిపోతాయి.

ఫ్రేముకి ఎమల్షన్ అనే పూత పూయడం రాత్రిపూట, చీకట్లో ఆరబెట్టడం, పొద్దున ఫిల్మ్ పెట్టి ఎండ చూపించడం. వెలుగు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది, అక్షరాలు అడ్డున్న చోట నీళ్లు కొడితే కరిగిపోయి దారి తెరుచుకుంటుంది. ఎంతసేపు ఎండ చూపించాలన్నది బెజవాడలో నెలనెలా మారే లెక్క. షాపు ఆయన చిన్న ముక్క మీద ముందు పరీక్ష చేయనిదే ఫ్రేము ముట్టుకోనివ్వలేదు. నీళ్ల ఇంకు ఈ ఎండలకి జాలి గుడ్డలోనే ఆరి కూర్చుంటుందని నూనె ఇంకే వాడించారు. అచ్చయిన కాగితాలు బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశాను. షాపు బయట దారిన పోయేవాళ్లు ఆగి ‘ఏం పత్రికమ్మా?’ అని అడిగారు.

కాగితం సంగతి నిజానికి ముందే చెప్పాల్సింది. కాగితానికి వాటం ఉంటుంది. మిల్లులో తయారయ్యేటప్పుడు పీచులు ఎక్కువగా ఒకే దిక్కున పడుకుంటాయి. ఆ దిక్కున మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. చిన్న ముక్క ఒకవైపు తడిపి చూడండి, అది ఏ గీత చుట్టూ చుట్టుకుంటే పీచులు ఆ గీత వెంటే ఉన్నట్టు. నేను కొన్న 20 × 30 అంగుళాల షీటులో వాటం పొడుగు వైపుంది. నా మడతలు నిలువుగా రావాలి కాబట్టి బ్యారేజీ పట్టీని షీటు వెడల్పు వైపు కోయాలి. వెడల్పు 20 అంగుళాలే. గడి అయిదు అంగుళాలు. అంటే ఒక ముక్కలో నాలుగు గడులు, రెండో ముక్కలో మూడు గడులు, దానికి అంటించడానికి అర అంగుళం నాలుక. లెక్క చక్కగా కుదిరింది. కానీ ఒక కటింగ్ షాపులో ‘మాకు తెలుసులేమ్మా’ అంటూ వినకుండా పట్టీలన్నీ పొడుగు వైపు కోసేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా రఫ్ నోట్సుకి వాడుతున్నాను.

బైండింగ్ నేర్పింది కోర్టు ఫైళ్లూ, ఖాతా పుస్తకాలూ కుట్టే ఒక బాబాయ్. మొదటిరోజు నా డమ్మీ చూసి, ‘ఇది నోరు తెరుస్తుంది అమ్మాయ్’ అన్నారు. అర్థం కాలేదు. ఆయన రెండు వేళ్లతో పుస్తకం అంచు నొక్కి చూపించారు. చివర్లో మడత పెట్టిన బ్యారేజీ ఏడు పొరలు. ఆ లావంతా తెరిచే వైపే ఉంది, కుట్టు వైపు ఒక్క పొరే. మూస్తే అట్ట ఆనదు. ఆయన మందు చాలా తేలిక. అదే కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, కుట్టు వైపు ఫారంతో (మడిచి కుట్టే కాగితాల కట్టతో) పాటే కుట్టేయడం. అక్కడా ఇక్కడా లావు సమానమవుతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇంత లావు చూపించే మీట నాకు కనబడలేదు.

‘నువ్వు కుట్టు, నేను చూస్తా’ అని కుర్చీ లాక్కున్నారు. నాలుగు కాగితాలు మడిచి ఒకదాంట్లో ఒకటి దూరిస్తే పదహారు పేజీల ఫారం. మడత మీద వెదురు బద్దతో గట్టిగా గీయాలి. దబ్బనంతో బొక్కలు లోపలి నుంచి బయటికి పొడవాలి. దారానికి కొవ్వొత్తి రాయాలి, లేకపోతే నూలు పీచు లేచి చిక్కుపడుతుంది. కొసకి వచ్చిన ప్రతిసారీ కింది ఫారం దారం లోంచి సూది దూర్చి ముడి వేయాలి. నేను బలమంతా పెట్టి దారం లాగుతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. దారాన్ని మడత వెంట పక్కకే లాగాలట, ఎదురుగా లాగితే కాగితం చీరుకుంటుందట.

అట్టకి మంగళగిరి నూలు గుడ్డ వేశాను. అమ్మ చీరలో మిగిలిన బ్లౌజు ముక్కలు. గుడ్డకి నేరుగా జిగురు రాస్తే పైకి ఊరి మరకలు పడతాయి. అందుకే ముందు వెనక వైపు పల్చటి కాగితం మైదా జిగురుతో అంటించి ఆరనిచ్చాను. ఆ జిగురు ఉడికేటప్పుడు బాబాయ్ చిటికెడు మైలుతుత్తం వేస్తారు, పురుగు పట్టకుండా. అది విషం, వంటింటి గిన్నె వాడకండి. పుస్తకం వీపుకి మాత్రం ఫెవికాల్ పల్చగా, దాని మీద మెడికల్ షాపులో కొన్న గాజ్, అంటే గాయాలకి కట్టే పల్చటి గుడ్డ. అట్ట మీద గుడ్డ సర్దుకోవడానికి మైదానే నయం, ఫెవికాల్ క్షణంలో పట్టేసి కదలనివ్వదు. జరీ అంచు వీపు మీదికి వచ్చేలా కోశాను. సరిగ్గా ఆ ఒక్కచోట బాబాయ్ ‘బాగుంది’ అన్నారు. అంటించాక అట్టలు వంకర పోకుండా సన్నికల్లు బరువు పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున పచ్చడి నూరడానికి అమ్మ అది వెతుక్కుంది.

ప్రాజెక్టు చూసి మార్కులు వేసే జ్యూరీ త్వరగానే అయిపోయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ బ్యారేజీ మడత విప్పి, పక్క కాపీ కూడా విప్పి, రెండింటిలో వేర్వేరు గేట్లు ఎందుకు ఎత్తారని అడిగారు. వరద ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుందన్నాను. మార్కులు బాగానే వచ్చాయి. కాపీలు చాలావరకు చుట్టాలు పట్టుకుపోయారు. గుంటూరు మావయ్య మాత్రం పుస్తకం అటూ ఇటూ తిప్పి, ‘మీ ఒడ్డు కాలువలేనా, మా వైపు కొమ్మమూరు కాలువ కనపడలేదా?’ అన్నాడు. లినో మళ్లీ ఆర్డర్ పెట్టాను. ఈసారి మూఢం ఎప్పుడొస్తుందో కూడా ముందే చూసి పెట్టుకున్నాను.