పాప చేసిన రోష్ హషానా రొట్టె: నా అనుభవం

నిన్న పొద్దున జరిగిన దానికి ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. ఆ వేడి మీదే రాసేస్తున్నాను.

మేము ఉండేది న్యూజెర్సీలో. పాపకు నాలుగేళ్లు. ఇంటికి దగ్గర, టీచర్లు ప్రేమగా చూస్తారని యూదుల ప్రీస్కూల్లో చేర్పించాం. ఈ వారమే వాళ్ల కొత్త సంవత్సరం, రోష్ హషానా. "పిల్లలతో కలిసి ఇంట్లో హల్లా చేయండి, క్లాసులో అందరం పంచుకుందాం" అని స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. హల్లా అంటే వాళ్లు పండగలకి పాయలు అల్లి చేసే రొట్టె. ఇక పాప నోట అదే మాట. మా ఆవిడకి ఆదివారం హాస్పిటల్లో డ్యూటీ. పాపా నేనూ కలిసి పనిలోకి దిగాం.

పిండి కలపడం కష్టమేం కాదు. అరకిలో బ్రెడ్ ఫ్లోర్, ఒక ప్యాకెట్ ఈస్ట్, రెండు గుడ్లు, పావు కప్పు నూనె, పావు కప్పు తేనె, ఒకటిన్నర టీస్పూన్ ఉప్పు, గోరువెచ్చని నీళ్లు ముప్పావు కప్పు లోపు. పాలూ వెన్నా వేయకూడదు. మాంసంతో పాలు కలపకూడదన్నది వాళ్ల నియమం, ఈ రొట్టె ఏ భోజనంలోకైనా పనికి రావాలి కదా. గుడ్లను ఒక్కొక్కటిగా గాజు గ్లాసులో కొట్టి, రక్తపు చుక్క ఉందేమో చూసి వాడతారని చదివాను. ఆ పని పాపకి అప్పజెప్పాను. గ్లాసుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఒక కన్ను మూసి, కింది నుంచి పై నుంచి చూసి, "ఇది ఓకే నాన్నా" అని తీర్పు చెప్పేది. రెండు గుడ్లకీ పావుగంట పట్టింది. చిన్నపిల్లలతో చేసేవాళ్లు తొందర పెట్టకండి, పిల్లలకి ఆ పనే పండగ.

పిండి పొంగడానికి ఇడ్లీ పిండిలాగే అవెన్‌లో లైటు వేసి లోపల పెట్టేశాను. ఇక్కడి తెలుగువాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మామూలు శుక్రవారాల్లో చేసే హల్లా పొడుగ్గా జడలా ఉంటుంది. రోష్ హషానాకి మాత్రం గుండ్రంగా, ఏడాది తిరిగి రావడానికి గుర్తుగా. నాలుగు పాయల్ని రెండు నిలువు, రెండు అడ్డం పెట్టి, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి పోనివ్వాలి. చుట్టూ ఎనిమిది కొసలు వస్తాయి. కింద నుంచి వచ్చిన ప్రతి కొసనీ కుడివైపు ఉన్న దాని మీదుగా వేయాలి, మళ్లీ ఒక చుట్టు ఎడమవైపుకి. మిగిలిన కొసల్ని అడుక్కి మడిచేయాలి. మా పాప జడ రోజూ నేనే వేస్తాను, కాబట్టి నా చేతులకి పాయలు కొత్త కాదు. మొదటిసారికే చక్కగా కుదిరింది. పాయల్లో కిస్‌మిస్‌లు పాపే దూర్చింది. పైన గుడ్డు సొన రాసి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో అరగంట పైన కాల్చాం. ఎర్రగా, నిగనిగలాడుతూ వచ్చింది.

సోమవారం పొద్దున పాప ఆ రొట్టెని రెండు చేతులతో పట్టుకుని స్కూలు గుమ్మం దాకా మోసింది. ఆఫీసులో కూర్చునే ఆవిడ చూసి, "ఇంట్లో చేసిందా? లోపలికి రానివ్వం, తీసుకెళ్లండి" అంది. ఎందుకని అడిగాను. "మీ వంటిల్లు కోషర్ కాదు కదా" అని వెనకాల లైన్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పింది. కోషర్ అంటే వాళ్ల ఆహార నియమాల ప్రకారం ఉన్నది. మెయిల్ తెరిచి చూపించాను, అందులో కోషర్ అన్న మాటే లేదు. "అది అందరికీ తెలిసిందే" అంది. పాప చేతిలోంచి పళ్లెం తీసి నా చేతిలో పెట్టింది. అప్పటిదాకా నవ్వుతున్న పిల్ల, "నాన్నా, నేను గుడ్లు బానే చూశాను కదా?" అంది. ఏం చెప్పను?

నియమం మీద నాకు కోపం లేదు. మా నాయనమ్మ మడి కట్టుకుంటే మేం పిల్లలం ఆమడ దూరంలో నిలబడేవాళ్లం. వంటకి నిష్ఠ అంటే ఏమిటో నాకు ఎవరో చెప్పాల్సిన పని లేదు. అయితే మా నాయనమ్మ ఏ పసిపిల్ల చేతిలోంచీ ఏదీ లాక్కోలేదు. ముందే చెప్పేది, నెమ్మదిగా చెప్పేది. ఒక్క వాక్యం మెయిల్లో రాస్తే పోయేది కాదా? కొత్తవాళ్లని చేర్చుకుని ఫీజులు తీసుకునే చోట "అందరికీ తెలిసిందే" అనడం అన్యాయం.

సాయంత్రం పక్కింటి యూదు పెద్దావిడ దగ్గరికి వెళ్లాం. పాప ఆవిడని బామ్మా అంటుంది. ఆవిడ ఓపిగ్గా చెప్పారు: కోషర్ కానివి వండిన అవెన్‌లో, గిన్నెల్లో చేసింది కోషర్ పాటించేవాళ్లు తినరట, దినుసులు ఎంత శుద్ధమైనా సరే. ఆవిడ ఇంట్లో అంత పట్టింపు లేదు. రొట్టె తుంపి తేనెలో ముంచి పాపకి మొదటి ముక్క పెట్టి, ఆపిల్ ముక్కలు కూడా తేనెలో అద్దిచ్చారు. కొత్త ఏడాది తియ్యగా గడవాలని అలా తింటారు.

ఇలాంటి స్కూళ్లలో పిల్లలున్నవాళ్లు ఏదైనా పంపేముందు టీచర్‌ని మెయిల్లోనే అడగండి. ఆఫీసు వాళ్ల నోటిమాట నమ్మకండి. కొనివ్వాల్సి వస్తే సీలు తీయని ప్యాకెట్, మీద కోషర్ ముద్ర ఉండాలి. వలయంలో యు అక్షరం ఉన్న ముద్ర దాదాపు ప్రతి సూపర్ మార్కెట్లో దొరుకుతుంది.

రాత్రి డైరెక్టర్‌కి మర్యాదగానే, గట్టిగా రాశాను. పొద్దున్నే జవాబు వచ్చింది. మెయిల్ మారుస్తారట. రేపు స్కూలు వంటింట్లోనే పిల్లలతో హల్లా చేయిస్తున్నాం, అల్లడానికి సాయం వస్తారా అని అడిగారు. వస్తానని రాశాను. ఆఫీసులో ఆవిడ మా పాపకి సారీ చెప్పాలని కూడా అదే జవాబులో రాశాను. దాని మీద ఇంకా ఏమీ అనలేదు.