నేను చెప్పిన సాక్ష్యం

2019 ఫిబ్రవరిలో మొదలైంది దగ్గు. మా చర్చి సంఘంలో పాటలు నడిపించేది నేనే కాబట్టి గొంతు అలసిందనుకున్నాను. మిరియాల కషాయం తాగాను, మెడికల్ షాపులో అడిగి సిరప్ తెచ్చుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు దిండు తడిసిపోయేది. మార్చి నెలాఖరుకి చొక్కాలన్నీ వదులైపోయాయి. మా ఆవిడ ఇక ఊరుకోలేదు. గవర్నమెంటు ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి టీబీ అన్నారు.

నా బరువు 51 కిలోలు. ఆ లెక్కన రోజుకు నాలుగు మాత్రలు, పరగడుపున, ఒకేసారి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులది. మందులు ఉచితం, పైగా తిండి కోసం అప్పట్లో నెలకు 500 రూపాయలు ఖాతాలో వేసేవారు. మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారుపడొద్దని నర్సమ్మ ముందే చెప్పింది. "నెల రెండు నెలల్లో బాగైపోయినట్టే ఉంటది బాబూ. చాలామంది అప్పుడే మానేస్తారు. నువ్వు మానొద్దు" అని కూడా చెప్పింది. ఇంట్లో చిన్నపిల్ల ఉందా అని అడిగి, పరీక్షకు తీసుకురమ్మంది. వచ్చే వారం తెస్తానన్నాను. తీసుకెళ్లలేదు.

ఆరో వారానికి దగ్గు తగ్గింది, ఆకలి వేసింది. ఆ ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. "ప్రభువు నన్ను ముట్టాడు. సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు. ఇక నాకు మందులతో పని లేదు" అన్నాను. స్తోత్రం, స్తోత్రం అంటూ చప్పట్లు. ఒక పెద్దావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కూడిక అయ్యాక మా పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "డాక్టరు గారు మానమన్నారా?" అని అడిగారు. "విశ్వాసం ఉన్నవాడికి డాక్టరెందుకండీ" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. మాత్రలు మింగాక రెండు గంటలు కడుపులో తిప్పేది. అది ఒక కారణం. దానికంటే పెద్దది సిగ్గు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఆసుపత్రిలో ఆ టీబీ గది ముందు బల్ల మీద కూర్చున్నప్పుడల్లా, మా పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చూస్తారేమోనని టెన్షన్. సాక్ష్యం చెప్పడానికి నాలుగు రోజుల ముందే మందు మానేశాను. ముందు మానేసి, తర్వాత దానికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాను. సంఘాన్ని మోసం చేస్తున్నానని నాకు అనిపించనే లేదు. మాట్లాడుతుంటే కళ్లలో నీళ్లు నిజంగానే వచ్చాయి. ఇప్పటికీ నన్ను భయపెట్టేది ఆ కన్నీళ్లే.

గమనించి ఉంటే ఒక గుర్తు ఉంది. అందరి ముందూ ఎంతసేపైనా ప్రార్థించగలిగేవాణ్ణి, రాత్రి ఒంటరిగా మోకరించలేకపోయేవాణ్ణి. మోకరిస్తే బీరువాలో బట్టల వెనక దాచిన మాత్రల అట్టలు గుర్తొచ్చేవి. దేవుడితో ఆ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడేవాణ్ణి. ఆయన ఏమంటాడో నాకు తెలుసు మరి.

ఆగస్టులో దగ్గు తిరగబెట్టింది. కర్చీఫు మీద సన్నటి రక్తపు జీర. మధ్యలో మానేసినవాళ్లకు మందు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉందని మళ్లీ కళ్లె తీసుకుని, క్రిములు మందుకు లొంగుతాయో లేదో చూసే సీబీనాట్ పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా అన్నం సహించలేదు. అదృష్టం అనను, ఆయన దయ: మందు ఇంకా పనిచేస్తుందన్నారు. కానీ మొత్తం ఆరు నెలలూ మళ్లీ మొదటి రోజు నుంచి.

ఈసారి పాపను తీసుకెళ్లాం. నాలుగేళ్లది. జబ్బు రాలేదు, కానీ అయిదేళ్లలోపు పిల్ల కాబట్టి రాకుండా ఆరు నెలలు రోజూ ఐసోనయాజిడ్ అనే టీబీ మాత్ర వేయాలన్నారు. పొద్దున్నే రెండు చెంచాల మధ్య మాత్ర నలిపి, నాలుగు చుక్కల నీళ్లు కలిపి ఇచ్చేవాణ్ణి. కళ్లు గట్టిగా మూసుకుని మింగేది. మింగాక నోరు తెరిచి నాలుక చూపించి, "అయిపోయింది నాన్నా" అనేది. ఆ చెంచా పట్టుకున్న చెయ్యి వణికేది.

మొదటి రోజు రాత్రే మోకరించాను. "ప్రభువా, నాకు సిగ్గేసింది, భయమేసింది, నీ పేరు వాడుకున్నాను" అన్నాను. అంతకుమించి మాటలు రాలేదు. యిర్మీయా 17:9లో హృదయం అన్నిటికంటే మోసకరమైనదని, దానికి ఘోరమైన వ్యాధి ఉందని ఉంటుంది. సండే స్కూల్లో పిల్లలకు కంఠతా పట్టించిన వాక్యమే అది.

దేవుడు స్వస్థపరచడని నేననను. ఆయన బాగు చేస్తాడు. కానీ మత్తయి 8లో యేసు కుష్ఠరోగిని ముట్టి శుద్ధి చేశాక, వెళ్లి యాజకుడికి కనబరచుకోమన్నాడు. నయమైందో లేదో చూసి చెప్పేది ఆ యాజకుడే. ఆయన చేసిన స్వస్థత పరీక్షకు జంకలేదు. నేను చెప్పుకున్నదే జంకింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ సంఘాలు కలిసి క్షయ ఆసుపత్రి పెట్టి నూరేళ్లు దాటింది. మా తాతయ్యకు నయమైంది అక్కడే. దేవుడే బాగు చేశాడనేవాడు తాతయ్య, ఆరోగ్యవరం పేరు కూడా అదే నోటితో చెప్పేవాడు. నేను ఆ ఇంట్లోనే పెరిగాను!

2020 ఫిబ్రవరి చివర్లో నా కోర్సు పూర్తయింది. కళ్లెలో క్రిములు లేవు, బరువు 58. మార్చి మొదటి ఆదివారం అయ్యగారి అనుమతి తీసుకుని మళ్లీ నిలబడ్డాను. కిందటి సాక్ష్యం అబద్ధమని, మందు ముందే మానేశానని, పాప మాత్రలు మింగుతోంది నా వల్లేనని చెప్పాను. ఈసారి కన్నీళ్లు రాలేదు. చప్పట్లూ లేవు. ఫ్యాను చప్పుడు వినిపించింది. అయ్యగారు లేచి తర్వాతి పాట నంబరు చెప్పారు.

ఇంటికొచ్చాక పాప తన మాత్రల అట్ట తెచ్చి ఒళ్లో పెట్టి, వేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టింది. ఇంకా తొమ్మిది ఉన్నాయి.